ఎర్ర తెర ఏం చెబుతోంది, ఎవరికి చెబుతోంది?

(స్త్రీ సంఘాల కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకిచ్చిన అంశం చూసి మీలో కొందరు ఆశ్చర్యపోయి వుంటారు. గృహహింస చట్టం గురించో, పని స్థలాల్లో లైంగిక వేధింపుల గురించో మాట్లాడుకునే తరగతిలో ఇంటర్‌నెట్ బ్రౌజర్ ఇచ్చే హెచ్చరికల గొడవ ఏమిటి, అది కంప్యూటర్ ఇంజనీర్ల పని కదా అనిపించవచ్చు. నేను ఇంజనీర్ని కాదు, సోషియాలజీ చదువుకున్నదాన్ని. అయితే కొన్నేళ్లుగా సలహా కేంద్రాలకు వచ్చే స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు ఒక ప్రశ్న గురించి పదే పదే వింటున్నాను. "ప్రమాదమని తెర మీద రాసి వుంటే కూడా ఎందుకు నొక్కావు?" డబ్బు పోగొట్టుకున్న స్త్రీని ముందు ఇంట్లో భర్త ఈ ప్రశ్న అడుగుతాడు. తర్వాత బ్యాంకులో గుమాస్తా అడుగుతాడు. ఆ తర్వాత పోలీసు స్టేషన్లో రైటర్ అడుగుతాడు. మూడో చోటికి వచ్చేసరికి ఆమే తనను తాను అడుగుతూ వుంటుంది.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. ఆ వేళప్పుడు బయటికెందుకు వెళ్లావు, అతనితో ఎందుకు మాట్లాడావు అనే ప్రశ్నలకు ఇది తోబుట్టువే. నేరం చేసినవాడు ఎక్కడో వుంటాడు, సంజాయిషీ మాత్రం నష్టపోయినామె ఇచ్చుకోవాలి. దీనికి మనం జవాబు చెప్పాలంటే అసలు ఆ తెర మీద ఏం రాసి వుంటుంది, ఎందుకు వస్తుంది, దాన్ని చదివి అర్థం చేసుకునే అవకాశం ఆమెకు ఎంతవరకు వుంది అనేవి ముందు మనకు తెలియాలి. అందుకే ఈ తరగతి.

చూడటానికి అన్ని హెచ్చరికలూ భయపెట్టేవే కాబట్టి అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం. నిజానికి వాటిలో ముఖ్యంగా రెండు జాతులున్నాయి, రెంటి అర్థాలూ వేరు.

మొదటిది, క్రోమ్ బ్రౌజర్లో "యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అని వచ్చేది. ఇది ఆ వెబ్‌సైటు మంచిదా చెడ్డదా అనే సంగతి చెప్పదు. మీకూ ఆ సైటుకూ మధ్యనున్న దారి గురించి చెబుతుంది. మీరు టైపు చేసిన ఆధార్ నంబరో పాస్‌వర్డో నెట్ సెంటర్ వైఫై మీదుగా, ఫోన్ కంపెనీ టవర్ల మీదుగా, ఇంకా ఎన్నో యంత్రాల మీదుగా ప్రయాణం చేస్తుంది. హెచ్‌టిటిపి అని మొదలయ్యే పాత పద్ధతిలో అది పోస్టుకార్డు లాంటిది. దారిలో ఎవరి చేతిలో పడితే వాళ్లు చదవొచ్చు, దిద్దొచ్చు కూడా. చివర ఎస్ చేర్చిన హెచ్‌టిటిపిఎస్ పద్ధతిలో అది లక్క ముద్ర వేసిన కవరు. నెట్‌స్కేప్ కంపెనీ 1990ల నడుమ తయారుచేసిన పద్ధతికి ఇది కొనసాగింపు.

కవరుకు ముద్ర వేశాం సరే, దాన్ని ఎవరి చేతికిస్తున్నాం? ఇక్కడే సర్టిఫికెట్ వస్తుంది. ఉద్యోగం దరఖాస్తుతో పాటు జిరాక్సు కాపీల మీద గెజిటెడ్ అధికారి సంతకం కోసం మనమంతా తిరిగినవాళ్లమే. ఆయన సంతకం "ఈ కాపీ అసలుతో సరిపోయింది" అని మాత్రమే చెబుతుంది, ఈ అమ్మాయి బుద్ధిమంతురాలు అని చెప్పదు. సైటు సర్టిఫికెట్ కూడా అంతే. ఈ పేరు గల సైటు ఇదేనని ఒక ధ్రువీకరణ సంస్థ సంతకం చేస్తుంది. ఆ సంతకం సరిపోకపోతే బ్రౌజర్ ఆగి, ముందుకు వెళ్లనివ్వకుండా తెర అడ్డం పెడుతుంది.

సంతకం ఎందుకు సరిపోలేదో ఆ తెర మీదే రాసి వుంటుంది. చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషు కోడ్‌లో. ఫోన్‌ను తెలుగులో పెట్టుకుంటే పెద్ద అక్షరాల వాక్యం తెలుగులో వస్తుంది గానీ ఈ కోడ్ ఇంగ్లీషులోనే వుండిపోతుంది. అందులో మూడు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు. "డేట్" అని వుంటే సర్టిఫికెట్ గడువు దాటిందని, లేదా మీ ఫోన్‌లో తేదీ తప్పుగా వుందని. బ్యాటరీ పూర్తిగా అయిపోయి మళ్లీ వెలిగించిన పాత ఫోన్లలో తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది, అప్పుడు సవ్యమైన సైట్లన్నీ వరసగా ఈ హెచ్చరిక ఇస్తాయి. తేదీ సరిచేస్తే పోతుంది. "కామన్ నేమ్" అని వుంటే సర్టిఫికెట్ ఒక పేరు మీద, సైటు ఇంకో పేరు మీద వుందని. "అథారిటీ" అని వుంటే సంతకం చేసిన సంస్థ ఎవరో బ్రౌజర్‌కు తెలియదని. ఈ చివరి రెండూ నిర్లక్ష్యం వల్ల రావచ్చు, నిజంగానే ఎవరో దారి మధ్యలో కూర్చుని కవరు విప్పుతున్నందువల్లా రావచ్చు. బయట నుంచి చూసేవాళ్లకు తేడా తెలియదు. తెలియనప్పుడు పాస్‌వర్డు, కార్డు నంబరు, ఆధార్ ఇవ్వకూడదు.

రెండో జాతి, తెరంతా ఎర్రగా మారి ఇది మోసపూరితమైన సైటు, ప్రమాదకరమైన సైటు అని వచ్చేది. ఇది దారి గురించి కాదు, అవతలివాడి గురించే చెబుతుంది. గూగుల్ 2007 నుంచి సేఫ్ బ్రౌజింగ్ పేరుతో మోసపు సైట్ల జాబితా ఒకటి నడుపుతోంది. ఫైర్‌ఫాక్స్, సఫారీ బ్రౌజర్లు కూడా దాన్ని వాడుకుంటాయి. మీరు తెరవబోయే సైటు ఆ జాబితాలో వుంటే ఎర్ర తెర వస్తుంది. పొరపాటున జాబితాకెక్కిన మంచి సైట్లు లేకపోలేదు, కానీ అవి తక్కువ. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను, ఎర్ర తెరను ఏ పరిస్థితిలోనూ దాటవద్దు. అయితే ఎర్ర తెర రాకపోవడం నిర్దోషిత్వానికి సర్టిఫికెట్ కాదు. ఈ రోజు పొద్దున పుట్టిన దొంగ సైటు సాయంత్రానికి గానీ జాబితాలోకి ఎక్కకపోవచ్చు. మోసగాళ్లకు కావలసింది కూడా ఆ కొద్ది గంటలే.

ఇక తాళం బొమ్మ సంగతి. చిరునామా పక్కన తాళం వుంటే ఆ సైటు మంచిదని చాలా శిక్షణల్లో చెప్పారు, ఇప్పటికీ చెబుతున్నారు. ఇది పాతబడిన మాట. తాళం అంటే కవరుకు ముద్ర వుందని, అంతే. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ సర్టిఫికెట్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. చిన్న చిన్న సంఘాలకు, పత్రికలకు అది పెద్ద మేలు. డబ్బున్నవాళ్లకే వుండే రక్షణ అందరికీ వచ్చింది. దొంగలకు కూడా వచ్చింది. ఇప్పుడు దొంగ బ్యాంకు సైటు కూడా తాళంతోనే వస్తుంది. మన రహస్యాలు దారిలో ఎవరికీ తెలియకుండా, భద్రంగా, నేరుగా దొంగ చేతికే చేరతాయి. 2018 జూలై నుంచి క్రోమ్ పోస్టుకార్డు సైట్లన్నిటికీ "నాట్ సెక్యూర్" అని ముద్ర వేయడం మొదలుపెట్టింది. 2021లో గూగుల్ జరిపిన అధ్యయనంలో తాళం బొమ్మ అర్థం కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు 11 శాతమే. దాంతో 2023లో క్రోమ్ ఆ తాళాన్నే తీసేసి, దాని స్థానంలో రెండు గీతలు, రెండు సున్నాలు వున్న మామూలు గుర్తు పెట్టింది. తాళం చూడమని చెప్పిన శిక్షకులందరూ తమ పాఠం మార్చుకోవాలి.

తాళం బదులు ఏం చూడాలి? పేరు చూడాలి, చివర నుంచి చూడాలి. ఇంటిపేరు ముందు రాసుకోవడం మన తెలుగువాళ్ల అలవాటు. వెబ్ చిరునామాలో ఇంటిపేరు చివర వుంటుంది. (పెళ్లయితే ఆడదాని ఇంటిపేరు మారినట్టు ఇక్కడ మారదు, అదొక్కటి నయం.) మొదటి గీటుకు ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి. "డాట్ గవ్ డాట్ ఇన్" అని ముగిస్తే అది ప్రభుత్వానిదే, ఇతరులకు ఆ పేరు ఇవ్వరు. పేరు మొదట్లోనో మధ్యలోనో "గవ్" అనో బ్యాంకు పేరో పెట్టి, చివర ఇంకేదో వుంటే అది పరాయి ఇంటిదే. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోగా "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అనే పేరులోకి మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు కేటాయించే అధికారం మన హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని ఐడిఆర్‌బిటి సంస్థకే ఇచ్చారు. సంఘాల సమావేశాల్లో గంటన్నర ఉపన్యాసం కన్నా ఈ ఒక్క ముక్క పది చిరునామాలు రాసి చదివిస్తే ఎక్కువ పనికొస్తుందని నా అనుభవం.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన ప్రశ్న. గెజిటెడ్ అధికారే దొంగ సంతకం పెడితే? అది కూడా జరిగింది. 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే ధ్రువీకరణ సంస్థలోకి హ్యాకర్లు చొరబడి గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్ సృష్టించారు. దాని సాయంతో ఇరాన్‌లో లక్షల మంది ఈమెయిళ్లను దారిలో చదివే ఏర్పాటు చేశారు. ఇరాన్‌లో ఒక వ్యక్తి తన బ్రౌజర్లో వచ్చిన హెచ్చరికను దాటిపోకుండా ఇదేమిటని బయటి ప్రపంచాన్ని అడగడంతో అది బయటపడింది. 2014 జూలైలో మన దేశంలోనే, ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసి నుంచి గూగుల్ పేర్ల మీద అక్రమ సర్టిఫికెట్లు జారీ అయినట్టు గూగుల్ కనిపెట్టింది. ఎన్‌ఐసి జారీ వ్యవస్థలో చొరబాటు జరిగిందని, నాలుగు సర్టిఫికెట్లే తప్పుగా వెళ్లాయని పై అధికార సంస్థ చెప్పింది. అంతకు మించి వున్నట్టు తమకు తెలుసని గూగుల్ చెప్పింది. ఎన్‌ఐసి సర్టిఫికెట్లను రద్దు చేశారు. 2019లో కజకిస్తాన్ ప్రభుత్వం ప్రజల చేత తన సొంత సర్టిఫికెట్‌ను ఫోన్లలో పెట్టించబోతే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ దాన్ని అడ్డుకున్నాయి. ఎవరి సంతకాన్ని నమ్మాలో నిర్ణయించే అధికారం ఒక పక్క నాలుగు అమెరికా కంపెనీల చేతిలో వుంది, మరో పక్క దాన్ని తమ చేతిలోకి తీసుకోవాలని ప్రభుత్వాలు చూస్తున్నాయి. ఈ రెంటిలో ఎవరికీ నా ఓటు వేయలేను. కానీ ఆ తెర వెనుక ఇంత అధికార రాజకీయం వున్నదని, తెర ముందు కూర్చున్న స్త్రీకి ఎవరూ చెప్పలేదన్నది నా అభ్యంతరం.

ఆ తెర ముందు ఏం జరుగుతుందో చూద్దాం. ఒక మండల కేంద్రంలో నెట్ సెంటర్‌కు వెళ్లి కొన్ని రోజులు కూర్చున్నాను. కూతురి స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం ఒక తల్లి, కూతురు వచ్చారు. ఒక ప్రభుత్వ శాఖ సైటు తెరవగానే హెచ్చరిక వచ్చింది. కుర్చీలోని అబ్బాయి అలవాటైన చేత్తో "అడ్వాన్స్‌డ్" నొక్కి, కింద "ప్రొసీడ్" నొక్కాడు. ఆ పిల్ల ఇంటర్ చదువుతోంది, చదివి "డేంజర్ అని వుందన్నా" అంది. "అది రోజూ అట్లనే వస్తదిలే, ఏం గాదు" అన్నాడు. నిజంగానే ఏమీ కాలేదు, దరఖాస్తు వెళ్లింది. ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను. గడువు ఆ సాయంత్రం ఐదింటికి. ఎవరో అధికారి సర్టిఫికెట్ గడువు పొడిగించడం మరిచిపోయాడు. హెచ్చరికను గౌరవించి వెనక్కి వెళితే ఆ పిల్లకు ఏడాది స్కాలర్‌షిప్ పోతుంది. కానీ ఆ రోజు ఆ పిల్ల నేర్చుకున్న పాఠం ఏమిటి? ప్రభుత్వమే, తన సొంత సైటు ద్వారా, హెచ్చరికలను లెక్క చేయనక్కర్లేదని ఆమెకు శిక్షణ ఇచ్చింది. రేపు అదే ప్రభుత్వం పేరుతో దొంగ సైటు వచ్చి అదే తెర కనిపిస్తే ఆమె అదే బటన్ నొక్కుతుంది. అప్పుడు అడుగుతాం, రాసి వుంటే కూడా ఎందుకు నొక్కావని.

ఈ పరిస్థితి ఇంకా పెరగబోతోంది. సర్టిఫికెట్ల గరిష్ఠ గడువును దశలవారీగా కుదించాలని బ్రౌజర్ కంపెనీలు, ధ్రువీకరణ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో తీర్మానించాయి. 398 రోజులున్న గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029 మార్చి నాటికి 47 రోజులు. భద్రత దృష్ట్యా అది మంచి నిర్ణయమే. యంత్రమే గడువు పొడిగించుకునే ఏర్పాటు చేసుకున్నవాళ్లకు ఇబ్బంది లేదు. ఏడాదికొకసారి చేయాల్సిన పనిని మరిచిపోతున్న కార్యాలయాలు ఏడాదికి ఏడెనిమిది సార్లు మరిచిపోవన్న నమ్మకం నాకు లేదు.

నొక్కేవాళ్ల గురించి పరిశోధనలు ఏం చెబుతున్నాయి? 2013లో దేవదత్త అఖవే, ఏడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ రెండున్నర కోట్లకు పైగా హెచ్చరికలను పరిశీలించారు. క్రోమ్‌లో సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే 70.2 శాతం సందర్భాల్లో దాటి వెళ్లిపోయారు. అదే రకం హెచ్చరికకు ఫైర్‌ఫాక్స్‌లో 33 శాతమే. ఈ తేడాలో కొంత భాగం తెర తయారుచేసిన తీరులో వుంది. అంటే నొక్కడమనేది నొక్కేవాళ్ల బుద్ధికి కొలత కాదు. అంతకు చాలా ముందే, 1999లో, యాన్ ఆడమ్స్, ఏంజెలా సాస్ అనే ఇద్దరు పరిశోధకులు "వాడేవాళ్లు శత్రువులు కారు" అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం రాశారు. ఉద్యోగులు పాస్‌వర్డులు కాగితాల మీద రాసుకుంటే అది వాళ్ల అలసత్వం కాదని, వాళ్ల పనికి పొసగని నియమాలు పెట్టినవాళ్లదే లోపమని వాదించారు. అదే సంవత్సరం వచ్చిన ఇంకో ప్రసిద్ధ వ్యాసం శీర్షికలో సాంకేతికత చేతకాని మనిషికి "జానీ" అని పేరు. 2013 నాటి పరిశోధన శీర్షికలో హెచ్చరికల లోకంలో దారి తప్పినది "ఆలిస్". ఈ రంగంలో గట్టి పని చేసినవాళ్లలో చాలామంది స్త్రీలే అయినా, అయోమయంలో పడే పాత్రకు ఆడపేరు దొరకడానికి ఎక్కువ వెతకనక్కర్లేదు.

ఫెల్ట్ బృందం తర్వాత క్రోమ్ హెచ్చరికనే మార్చి రాసింది. సులువైన మాటలు పెట్టారు, వెనక్కి వెళ్లే బటన్‌ను పెద్దది చేసి, ముందుకెళ్లే దారిని చాటుకు నెట్టారు. 2015లో ఫలితాలు చెబుతూ వాళ్లు నిజాయితీగా ఒక మాట ఒప్పుకున్నారు. అంతకు ముందుకన్నా దాదాపు 30 శాతం మంది అదనంగా వెనక్కి మళ్లారు, కానీ హెచ్చరికను అర్థం చేయించాలన్న లక్ష్యంలో విఫలమయ్యారు. ఈ ఫలితం దగ్గర మనం కాసేపు ఆగాలి. అర్థం కాకపోయినా ఆగిపోయారు. "చెప్పింది విను, ఎందుకని అడగకు" అనే భద్రత ఇది. ఆడపిల్లలుగా మనం పెరిగిన భద్రత కూడా ఇదే కదా. నష్టం తగ్గిందా అంటే తగ్గింది, నేను కాదనను. కానీ ఎందుకు ఆగాలో తెలియని మనిషి, ఎప్పుడు ఆగాలో తనంతట తాను నిర్ణయించుకోలేదు. తెర రాని చోట, అంటే ఫోన్ కాల్‌లో, వాట్సాప్‌లో వచ్చిన ఫైలులో, ఆమెకు ఏ ఆధారమూ వుండదు. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో బయటపడ్డ రుణ యాప్‌ల దారుణాలు గుర్తున్నాయి కదా. వేధింపులు భరించలేక ఆత్మహత్యలు జరిగాయి. ఆ యాప్‌లు అప్పు తీసుకున్నవాళ్ల ఫోన్‌లోని నంబర్లు, ఫోటోలు లాక్కున్నది "అనుమతించు" అనే బటన్ ద్వారానే. అక్కడ ఎర్ర తెర ఏదీ రాలేదు.

మన స్త్రీల చేతిలో వున్న ఫోన్ ఎలాంటిది అన్నది మరో విషయం. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్‌నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్లలో అది రెండు రెట్లకు పైనే. ఆ తర్వాత వాడకం చాలా పెరిగింది, అయినా ఇంట్లో కొత్త ఫోన్ కొడుకుకు, పాతది తల్లికి అనే క్రమం మారలేదు. పాత ఫోన్‌లో నమ్మదగిన ధ్రువీకరణ సంస్థల జాబితా కూడా పాతదే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ కొత్త సంతకాన్ని 7.1.1 కన్నా పాత ఆండ్రాయిడ్ ఫోన్లు గుర్తించవు. వాటి కోసం చేసిన తాత్కాలిక ఏర్పాటు కూడా 2024 సెప్టెంబర్ 30తో ముగిసింది. దాంతో సవ్యమైన సైట్లు కూడా ఆ ఫోన్లలో హెచ్చరికలు ఇస్తాయి. కొడుకు ఫోన్‌లో మామూలుగా తెరుచుకునే సైటు తల్లి ఫోన్‌లో ప్రమాదమంటుంది. "నీకు వాడటం రాదు" అని ఇంట్లో తేల్చేస్తారు. వాడటం రాక కాదు, పాత సామాను ఆమె వాటాకు వచ్చినందుకు.

పైగా ఆ ఫోన్ ఆమె ఒక్కదానిదీ కాదు. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో 199 మంది స్త్రీలతో మాట్లాడి నిత్యా శాంబశివన్ బృందం 2018లో ప్రచురించిన పరిశోధన చూడండి. ఫోన్ ఇంట్లో అందరి చేతుల్లో తిరిగేదే కాబట్టి స్త్రీలు తాళాలు పెట్టడం, చూసినవి చెరిపేయడం వంటి ఉపాయాలతో తమ చోటు కాపాడుకుంటారని అందులో వుంది. మన దగ్గరికి వచ్చేసరికి దీనికి రెండు ఫలితాలు. "నువ్వే నొక్కావు" అన్నప్పుడు నిజంగా నొక్కింది ఎవరో తెలియదు, ఆటలాడుకుంటున్న పిల్లవాడు కావచ్చు. రెండోది, భయంతో ఆమె మెసేజ్‌లు, లింకులు చెరిపేసి వస్తుంది, ఆధారం పోతుంది.

ప్రమాదం పేరు చెప్పి ఫోనే లాక్కోవడం అన్నిటికన్నా సులభమైన పరిష్కారంగా కనిపిస్తుంది చాలామందికి. 2019లో గుజరాత్‌లోని బనస్కాంఠా జిల్లాలో 12 గ్రామాల ఠాకోర్ కులపెద్దలు పెళ్లికాని ఆడపిల్లలు సెల్‌ఫోన్ వాడకూడదని తీర్మానించారు. మన ఊళ్లలో తీర్మానాలు అక్కర్లేదు, ఇంట్లోనే జరిగిపోతుంది. కాబట్టి సైబర్ భద్రత మీద మనం తరగతులు పెట్టేటప్పుడు జాగ్రత్తగా మాట్లాడాలి. భయపెట్టే పోస్టర్లు అంటించి వచ్చేస్తే, వాటిని రేపు అమ్మాయి చేతిలో ఫోన్ లాక్కోవడానికి వాడుకుంటారు.

మరి బాధ్యత ఎవరిది? చట్టం, నియమాలు పూర్తిగా మన పక్షాన లేవు గానీ పూర్తిగా వ్యతిరేకంగానూ లేవు. అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీల గురించి 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌లో మనకు పనికొచ్చే సూత్రం వుంది. ఖాతాదారు బాధ్యత అని బ్యాంకు అంటే, దాన్ని రుజువు చేయాల్సింది బ్యాంకే. బ్యాంకు తప్పూ, ఖాతాదారు తప్పూ కాకుండా మూడో చోట లోపం జరిగితే, మూడు పని దినాల్లో ఫిర్యాదు చేసినవారికి నష్టం సున్నా. ఖాతాదారు నిర్లక్ష్యం వుంటే, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం ఆమెది, ఆ తర్వాత జరిగినది బ్యాంకుది. ఈ "నిర్లక్ష్యం" అన్న మాట దగ్గరే అసలు పోరాటం వుంది. గుమాస్తా నోటి నుంచి మొదట వచ్చేది అదే. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, అస్సాంలో ఒక ఖాతాదారు మోసగాడి ఫోన్‌ను నమ్మి యాప్ వేసుకుని 94 వేల రూపాయలు పోగొట్టుకున్న కేసులో, ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు బాధ్యత వహించాలన్న గౌహతి హైకోర్టు తీర్పులో జోక్యం చేసుకోలేదు. అతను వెంటనే ఫిర్యాదు చేశాడన్నది ఆ కేసులో కీలకం.

కాబట్టి మన కేంద్రానికి ఇలాంటి స్త్రీ వచ్చినప్పుడు మొదటి మాట "ఎందుకు నొక్కావు" కాకూడదు, "ఎన్నింటికి జరిగింది" కావాలి. వెంటనే 1930కి ఫోన్ చేయించాలి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇప్పించి రశీదు తీసుకోవాలి. డబ్బు ఇంకా మోసగాడి ఖాతా నుంచి కదలక ముందే ఆపగలిగే అవకాశం ఆ తొలి గంటల్లోనే వుంటుంది. తర్వాత తీరిగ్గా అడగాల్సినవి: హెచ్చరిక అసలు వచ్చిందా, ఏ భాషలో వచ్చింది, ఫోన్ ఎవరెవరి దగ్గర వుండింది, అంతకు ముందు అదే హెచ్చరిక ఏ ప్రభుత్వ సైటులోనైనా కనిపించిందా, ఏమీ చెరపకుండా తెర ఫోటో తీయగలమా. ఈ జవాబులే నిర్లక్ష్యం ఆరోపణకు మన సమాధానం.

చివరిగా ఒక పని. మీ మండలంలో ఏ ప్రభుత్వ సైటు తెరిచినా ఈ హెచ్చరిక వస్తే తెర ఫోటో తీసి, తేదీ, సమయం వేసి మాకు పంపండి. సమాచార హక్కు చట్టం కింద ఆ శాఖను మూడు విషయాలు అడుగుదాం. సర్టిఫికెట్ గడువు ఏ తేదీన ముగిసింది, ఏ తేదీన పొడిగించారు, ఆ పనికి బాధ్యుడైన అధికారి హోదా ఏమిటి. దరఖాస్తు నమూనా తెలుగులో రాసి తెచ్చాను, బయట బల్ల మీద వుంది. జిల్లా కార్యాలయానికైతే పది రూపాయల రుసుం కట్టాలి, తెల్ల రేషన్ కార్డు వున్నవాళ్లకు అది కూడా లేదు.